అరిచేది లింక్ రాడ్, పడేసేది బాల్ జాయింట్

బండి కింద చప్పుడొస్తే మన ఊళ్లలో మొదట నింద పడేది షాకప్ (షాక్ అబ్జార్బర్) మీదే. "అన్నా, షాకప్‌లు పోయినాయి, రెండూ మార్చాల్సిందే" అంటాడు మెకానిక్. "పోయినేడే గదప్పా మార్చింటిమి" అని గొణుక్కుంటూనే మనం సరేనంటాం. కొత్త షాకప్‌లు ఎక్కుతాయి, వేలల్లో బిల్లు అవుతుంది. షెడ్డు దాటి మొదటి గుంటలో చక్రం పడగానే మళ్లీ అదే టకటక.

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పాత కారు నడిపేవాళ్లలో ఈ బాధ పడనివాళ్లు తక్కువ. ప్రతిసారీ మెకానిక్ మోసం చేశాడనుకోవడం కూడా అన్యాయమే. కింద పుట్టిన చప్పుడు ఇనుము వెంట పాకి డాష్‌బోర్డు వెనకో, సీటు కిందో వినబడుతుంది. చెవిని నమ్ముకుంటే దారి తప్పడం ఖాయం. ఇంకో చిక్కు కూడా ఉంది. పెద్దగా చప్పుడు చేసే పార్టే పెద్ద ప్రమాదమని మనం అనుకుంటాం. అసలు సంగతి దాదాపు తలకిందులు. చెవులు చిల్లులు పడేలా అరిచే లింక్ రాడ్‌తో నెల రోజులు తిరిగినా చికాకు తప్ప ప్రాణం మీదికి రావడం అరుదు. చక్రాన్ని బండికి అంటిపెట్టి ఉంచే బాల్ జాయింట్ మాత్రం పెద్దగా నోరెత్తకుండా అరిగి అరిగి, ఒకనాడు గూట్లోంచి ఊడొస్తుంది. ఏ పార్టు ఏం పని చేస్తుందో తెలిస్తే దేనికి భయపడాలో, దేన్ని వచ్చే నెలకు వాయిదా వేయొచ్చో తేల్చుకోవచ్చు.

ముందు చక్రానికి రెండే కదలికలు కావాలి. గుంట వస్తే కిందికి, మిట్ట వస్తే పైకి పోవాలి. స్టీరింగ్ తిప్పితే కుడికీ ఎడమకీ తిరగాలి. అంతకు మించి ముందుకూ వెనక్కూ జరగకూడదు, లోపలికీ బయటికీ వాలకూడదు. బ్రేకు తొక్కితే చక్రాన్ని వెనక్కి నెట్టే బలం పుడుతుంది, మలుపులో పక్కకు తోసే బలం పుడుతుంది. వాటికి చక్రం లొంగకూడదు. స్టీరింగ్‌లో, చక్రాన్ని బండికి తగిలించే సస్పెన్షన్‌లో ఏ పార్టును తీసుకున్నా పని అదే: ఒక కదలికను రానివ్వడం, మిగతావాటిని అడ్డుకోవడం. అడ్డుకోవాల్సిన దిక్కున కూడా వదులు వచ్చిందంటే మెకానిక్ భాషలో 'ప్లే' వచ్చినట్టు. సస్పెన్షన్ రోగాల్లో చాలావరకు ఈ ప్లే కథే.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందర ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద చెలామణీ అయ్యే ఈ ఏర్పాటు 1950 నాటి ఫోర్డ్ కాన్సల్‌తో పేరుకెక్కింది. మారుతి 800లో అదే, స్విఫ్ట్‌లో అదే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతున్న కియా కార్లలోనూ అదే. స్ప్రింగు, షాకప్ కలిసి ఒకే స్తంభంలా నిలబడతాయి. స్తంభం పైకొస బానెట్ కింద ఒక రబ్బరు మౌంటుతో బాడీకి, కిందికొస చక్రాన్ని మోసే నకిల్‌కు బిగించి ఉంటుంది. నకిల్ అడుగును లోయర్ ఆర్మ్ పట్టుకుంటుంది. ఆర్మ్‌కు చక్రం వైపు బాల్ జాయింట్, బండి వైపు రెండు బుష్‌లు. ఎడమ కుడి పక్కలను కలుపుతూ అడ్డంగా స్టెబిలైజర్ బార్, దాని రెండు చివర్లా లింక్ రాడ్లు. స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే పళ్ల కడ్డీ స్టీరింగ్ ర్యాక్, దాన్నుంచి వచ్చే టై రాడ్ నకిల్‌ను పక్కనుంచి తోస్తూ లాగుతూ ఉంటుంది. సరంజామా అంతా ఇంతే.

అరిచేవాటిలో మొదటిది లింక్ రాడ్. జానెడో మూరెడో ఉండే సన్నటి కడ్డీ, రెండు కొసల్లో చిన్న బాల్ జాయింట్లు. అది పట్టుకుని ఉండే స్టెబిలైజర్ బార్ పని మలుపులో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా చూడటం. ఒక చక్రం లేచి రెండోది లేవకపోతే బార్ మెలిపడాలి. మెలిపడటానికి అది మొండికేస్తుంది, ఆ మొండితనమే బండిని నిలబెడుతుంది. మన పల్లె రోడ్ల మీద ఒక చక్రం గుంటలో, ఇంకో చక్రం గట్టు మీద ఉండటం మామూలే కాబట్టి ఆ మొండితనపు భారమంతా లింక్ రాడ్ల మీద పడుతుంది. అందుకే మిగతావాటికన్నా ముందు అవే పోతుంటాయి.

వాటిని పట్టుకునే పరీక్ష కూడా ఇందులోనే దొరుకుతుంది. స్పీడ్ బ్రేకర్‌కు నేరుగా ఎదురెక్కితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. అప్పుడు బార్ తన రబ్బర్లలో ఊరికే తిరుగుతుంది తప్ప మెలిపడదు, లింక్ రాడ్ మీద పెద్దగా బలం పడదు. అదే స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక చక్రం ముందు ఎక్కేలా మెల్లగా దాటండి. నేరుగా పోయినప్పుడు నోరు మూసుకున్న బండి ఏటవాలుగా పోయినప్పుడు టకటకమంటే లింక్ రాడ్నో, బార్ రబ్బర్లనో మొదట అనుమానించాలి. ఇంకా తేల్చుకోవాలంటే రెండు లింక్ రాడ్లూ విప్పేసి, బార్‌ను ఎక్కడా తగలకుండా కట్టేసి, షెడ్డు వీధిలోనే మెల్లగా ఒక చుట్టు తిప్పి చూస్తారు. చప్పుడు మాయమైతే దొంగ దొరికినట్టే. కొత్త లింక్ రాడ్ల ఖర్చు షాకప్‌లతో పోలిస్తే చాలా తక్కువ. షాకప్ బిల్లు కట్టేముందు ఈ పరీక్ష ఒక్కటి చేయించుకుంటే ఎన్ని ఇళ్లలో డబ్బు మిగిలేదో.

స్ట్రట్ పైనుండే మౌంటు ఇంకో గోలమారిది. అందులో రబ్బరుతోపాటు ఒక పలచటి బేరింగు ఉంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు స్తంభమంతా దాని మీదే తిరగాలి. అది పట్టేస్తే స్ప్రింగు మెలిపడి, ఒక్కసారిగా వదులుకుని 'టంగ్' అంటుంది. బండి నిలబడి ఉండగా ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే రెండోవాళ్లు స్ప్రింగు మీద చెయ్యి ఆనిస్తే ఆ ఎగురు వేళ్లకు తెలుస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోయినా ఈ బేరింగును చూడాలి.

ఇక నిందలు మోసే షాకప్ సంగతి. బండి బరువు మోసేది స్ప్రింగు. షాకప్ ఉండేది ఆ స్ప్రింగు ఊగును చంపడానికి. లోపల నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నటి రంధ్రాలు, వాటి మీద వాల్వులు. పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె ఆ సందుల్లోంచి బలవంతాన దూరాలి. ఆ పెనుగులాటలో ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో చాలాసేపు పోయి దిగి, షాకప్ గొట్టం ముట్టుకుంటే వెచ్చగా తగిలేది అందుకే. నూనెలో గాలి బుడగలు చేరి నురగైతే పిస్టన్‌కు పట్టు చిక్కదు. దాన్ని తగ్గించడానికే ఇప్పటి షాకప్‌లలో నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపుతారు.

ఇందులో చప్పుడు చేసేదేముంది? నిజానికి చాలా తక్కువ. బలహీనపడిన షాకప్ చెవికన్నా ముందు కడుపుకు తెలుస్తుంది. జమ్మలమడుగు, మైదుకూరు వైపు నల్లరేగడి మీద వేసిన రోడ్లు గమనించండి. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పైన తారు బాగానే ఉన్నా కింద నేల కదలడంతో రోడ్డు అలలు తేలుతుంది, గుంట కనబడదు. అలాంటి చోట 70 వేగంతో పోతే మంచి షాకప్‌లున్న బండి అల దిగగానే కుదురుకుంటుంది. షాకప్ చచ్చిన బండి మూతి ఇంకా ఊగుతూనే రెండో అల ఎక్కుతుంది, ఊపు మీద ఊపు చేరుతుంది. వెనక సీట్లో పిల్లలు వాంతి చేసుకుంటున్నారంటే నిమ్మకాయ చేతికివ్వడంతో ఆపకుండా వెనక షాకప్‌లు కూడా ఒకసారి చూపించాలి.

వికారం ఒక్కటే నష్టం కాదు. చక్రం ఎగిరెగిరి పడుతుంటే టైరు రోడ్డును వదిలేస్తూ ఉంటుంది. వదిలిన క్షణంలో బ్రేకు లేదు, స్టీరింగూ లేదు. ఎగిరి పడిన చోటల్లా టైరు గీసుకుపోయి, అరచెయ్యి పెట్టి రుద్దితే వరసగా పల్లాలు తగులుతాయి. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి అనే పాత పరీక్ష పూర్తిగా చచ్చిన షాకప్‌ను పట్టిస్తుంది గానీ సగం చచ్చినదాన్ని పట్టలేదు. నూనె విషయంలోనూ తొందరపడొద్దు. సీలు దగ్గర సన్నటి తడి, దాని మీద దుమ్ము పట్టి మసకగా ఉండటం మామూలే. నూనె ధారగా దిగి గొట్టమంతా నల్లగా నానిందంటే మాత్రం మార్చాలి. మారిస్తే ఒకే ఇరుసు మీది రెండూ మార్చాలి, లేకపోతే బ్రేకు తొక్కినప్పుడు ఒక పక్క మునిగి ఒక పక్క తేలుతుంది.

స్ప్రింగు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఏళ్లు గడిస్తే కుంగుతుంది, విరిగితే కనబడుతుంది, అదీ జతగానే మార్చాలి. కుంగిన ఎత్తు పెంచే రబ్బరు గుండ్లు, స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే బఫర్లు నాకు నచ్చవు. స్ప్రింగు అక్కడ కదలలేకపోతే ఆ దెబ్బను వేరే ఏదో పార్టు తింటుంది.

బుష్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే షెడ్లలో పని ఎక్కువగా చెడేది ఇక్కడే. బుష్ అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్‌లో ప్రెస్ అయి (మిషనుతో బలంగా దూర్చి) ఉంటుంది, లోపలి గొట్టాన్ని బోల్టు ఫ్రేముకు బిగించేస్తుంది. ఆర్మ్ ఊగినప్పుడు ఏదీ దేనిమీదా జారదు. నడుమ రబ్బరే మెలి తిరిగి, మళ్లీ యథాస్థానానికి వస్తుంది. రబ్బరు మెలి తిరగడానికి అటు కొంత, ఇటు కొంత హద్దు ఉంటుంది.

షెడ్డులో జరిగేది చూడండి. బండి జాకీ మీద లేచి ఉంటుంది, చక్రం వేలాడుతుంటుంది, ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. కుర్రాడు కొత్త బుష్‌లు ప్రెస్ వేయించుకొచ్చి, ఆర్మ్ ఎక్కించి, అదే వాలులో బోల్టును బిగబట్టి బిగిస్తాడు. బండి కిందికి దించగానే బరువుకు ఆర్మ్ పైకి లేస్తుంది. లోపలి గొట్టం కదలదు కాబట్టి రబ్బరు అక్కడికక్కడే మెలిపడిపోతుంది. అంటే బండి ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా ఆ రబ్బరు మెలిలోనే ఉంటుంది. దారిలో మిట్ట తగిలి ఆర్మ్ ఇంకా పైకి పోతే హద్దు దాటి చిరుగుతుంది. ఏళ్లు రావాల్సిన బుష్ నెలల్లోనే పోయిందని, సామాను డూప్లికేటని అంగడివాడితో తగవు పడతాం. బోల్టును చేతికి అందినంత మటుకు తిప్పి వదిలి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, రెండుసార్లు ఊపి, అప్పుడు కింద దూరి చివరి బిగింపు ఇవ్వాలి. గుంత ఉన్న షెడ్డుకో, ర్యాంపు ఉన్న షెడ్డుకో బండి తీసుకుపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. బుష్ కిర్రుమంటోందని గ్రీజు పూయడం ఇంకో అలవాటు. పెట్రోలియం గ్రీజు తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ఆర్మ్‌కున్న రెండు బుష్‌లూ ఒకేలాంటివి కావు. చాలా కార్లలో ముందుది గట్టిది, చక్రం పక్కకు జరగకుండా చూస్తుంది. వెనకది పెద్దది, కొంచెం మెత్తనిది, గుంట అంచు తగిలినప్పుడు చక్రాన్ని పిసరంత వెనక్కి పోనిచ్చి దెబ్బను మింగుతుంది. దాని రబ్బరులో కావాలనే ఖాళీలు వదిలి ఉంటారు. ఆ ఖాళీలు ఏ దిక్కున ఉండాలో చూసుకోకుండా ప్రెస్ వేస్తే కొత్త బుష్ కూడా తప్పుడు దిక్కున మెత్తగా ఉంటుంది. వెనక బుష్ చిరిగితే బ్రేకు తొక్కినప్పుడు ఆ చక్రం వెనక్కి జరుగుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. చాలామంది దీన్ని బ్రేకు లోపమనుకుని బ్రేకు ప్యాడ్లు మార్పిస్తారు. రివర్సులో బ్రేకు కొట్టినప్పుడు, ముందుకు పోతూ కొట్టినప్పుడు ఒక్కో దెబ్బ 'దడ్' మంటే చూడాల్సింది ఈ బుష్‌నే.

ఇప్పుడు నోరెత్తని బాల్ జాయింట్. మన తుంటి కీలు ఎలా ఉంటుందో ఇదీ అలాగే: గిన్నెలో గుండు. గుండుకు, గిన్నెకు మధ్య ప్లాస్టిక్ పొర, కొంచెం గ్రీజు, బయట దుమ్ము పోకుండా రబ్బరు బూటు. పాత బండ్లలో గ్రీజు కొట్టడానికి నిప్పిల్ ఉండేది. ఇప్పుడు చాలావాటికి లేదు, లోపల పెట్టిన గ్రీజే చివరిదాకా. కాబట్టి దాని ఆయుష్షంతా ఆ బూటు మీదే ఆధారపడి ఉంది. బూటు చిరిగిందా, కథ మొదలైనట్టే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు లారీలు, నాపరాయి గనులు లేపే సన్నటి దుమ్ము ఆ చిరుగులోంచి దూరి గ్రీజుతో కలిస్తే సానపట్టే ముద్ద తయారవుతుంది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ గుండును అది అరగదీస్తుంది. పైన గ్రీజు ఉంది కాబట్టి చప్పుడు పెద్దగా రాదు. వదులు పెరిగి పెరిగి గుండు గిన్నె అంచును దాటిందంటే నకిల్ అడుగు విడిపోతుంది, చక్రం బయటికి పడిపోతుంది, బండి మూతి నేలకు ఆనుతుంది. అదృష్టముంటే అది ఇంటి గేటు దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు జరుగుతుంది. లేకపోతే కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు జరగొచ్చు. అక్కడ బ్రేకు వల్ల బరువంతా ముందుకొస్తుంది, మలుపు వల్ల అది బయటి చక్రం మీదికి చేరుతుంది, కింది జాయింట్లను పక్కకు లాగే బలం బాగా పెరుగుతుంది. గువ్వలచెరువులో పాలకోవా కొనేముందు కాకపోయినా, బయలుదేరేముందు ఆ బూట్లను టార్చి వేసి చూసుకోవడం మంచిది.

దీని పరీక్ష పద్ధతి బండిని బట్టి మారుతుంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లో బండి బరువు స్ట్రట్ మీదుగా దిగుతుంది, కింది బాల్ జాయింట్ చక్రాన్ని దారిలో పెట్టడానికే ఉంటుంది. బాడీ కింద జాకీ పెట్టి చక్రాన్ని వేలాడనిచ్చి, ఆర్మ్‌ను గడ్డపారతో మెల్లగా కిందికి, పైకి అదిమితే వదులు బయటపడుతుంది. పాత ఇన్నోవా, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిలో ముందర డబుల్ విష్‌బోన్, అంటే చక్రానికి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్. అక్కడ స్ప్రింగు కూర్చునేది కింది ఆర్మ్ మీద, బరువు మోసేది కింది బాల్ జాయింటే. జాకీని బాడీకి పెడితే స్ప్రింగు బలం జాయింటును బిగబట్టి ఉంచుతుంది, ఎంత అరిగినా ప్లే కనబడదు. జాకీ ఆర్మ్ కిందే పెట్టి లేపాలి. 'చెక్ చేసినాం సార్, బాగుంది' అన్న మాటకు విలువుందో లేదో జాకీ ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి తెలుస్తుంది. ఎక్కడ పెట్టినా పక్కన స్టాండు లేకుండా కిందికి దూరొద్దు.

చక్రాన్ని చేత్తో ఊపి చూడటం కూడా పనికొచ్చేదే. గడియారంలో 9, 3 ఉండే చోట్ల పట్టుకుని ఊపితే టై రాడ్ వదులు తెలుస్తుంది. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగు గానీ బయటపడుతుంది. ఆ రెండిట్లో ఏదో తేలాలంటే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపాలి. బ్రేకు డిస్కును పట్టేస్తే బేరింగు ప్లే మాయమవుతుంది. అప్పటికీ ఊగుతుంటే బాల్ జాయింటే.

టై రాడ్ ఎండ్ కూడా అదే కుటుంబంలోది, అదే గుండు, అదే గిన్నె. ఇది ఊడితే చక్రం పడిపోదు గానీ తన ఇష్టమొచ్చిన దిక్కుకు తిరుగుతుంది, స్టీరింగ్ మన చేతిలో ఉండీ లేనట్టే. దీనికి లోపలి వైపున, ర్యాక్‌కు తగిలే చోట ర్యాక్ ఎండ్ అని ఇంకో బాల్ జాయింట్ ఉంటుంది. మడతలు మడతల రబ్బరు బూటు లోపల దాక్కుని ఉండటం వల్ల ఎవరూ దాని జోలికి పోరు. బయటి ఎండ్ మార్చినా స్టీరింగ్‌లో వదులు తగ్గలేదంటే బూటు మీద చెయ్యేసి గట్టిగా అదిమి, చక్రం ఊపించి చూడాలి.

స్టీరింగ్ ర్యాక్ దగ్గరికొచ్చేసరికి మాట వేలల నుంచి పది వేలలకు పోతుంది, అందుకే ఇక్కడ నిదానం కావాలి. మనం నడిపే దూరంలో ఎక్కువ భాగం నేరు రోడ్డే, కాబట్టి పినియన్ (ర్యాక్‌ను నడిపే చిన్న పళ్ల చక్రం), ర్యాక్ పళ్లు నడిమధ్యన ఎక్కువ అరుగుతాయి, కొసల్లో కొత్తగానే ఉంటాయి. మధ్యలో వదులుందని అడ్జస్టర్ నట్టు బిగిస్తే మధ్యలో సరిపోయినట్టుంటుంది, పూర్తిగా తిప్పినప్పుడు కొసల్లో పట్టేస్తుంది. మలుపులో స్టీరింగ్ వెనక్కి రాకుండా మొరాయిస్తుంది. కొంచెం బిగించడం తప్పు కాదు, అది అరుగుదలకు మందు అనుకోవడమే తప్పు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ అయితే చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని ఉండకండి. పంపు ఒత్తిడంతా సీళ్ల మీద, నూనె మీద పడుతుంది. కరెంటు మోటారుతో నడిచే స్టీరింగ్ ఉన్న కొన్ని కార్లలో మోటారుకు, గేరుకు మధ్య చిన్న రబ్బరు కప్లింగు ఉంటుంది. అది అరిగితే స్టీరింగ్ అటూ ఇటూ ఊపినప్పుడు పాదాల పైన 'టిక్ టిక్' మంటుంది. ర్యాకే పోయిందని తేల్చేముందు దాన్ని చూడమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇవన్నీ సరిచేశాక అలైన్‌మెంట్, అంటే చక్రాల దిక్కు, వాలు కొలిచి సరిచేయడం. చాలాచోట్ల దీన్ని ముందే చేయిస్తారు, వదులున్న జాయింట్లతోనే. మిషను మీద నిలబడి ఉన్నప్పుడు వచ్చిన కొలత రోడ్డెక్కగానే మారిపోతుంది. అన్నిటికన్నా టైరును ఎక్కువ తినేది టో, అంటే రెండు ముందు చక్రాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా లేదా అన్నది. చిన్న లెక్క వేద్దాం. టైరు ఎత్తు 600 మిల్లీమీటర్లు అనుకోండి. రెండు టైర్ల మధ్య దూరం ముందు వైపు కొలిచినదానికి, వెనక వైపు కొలిచినదానికి ఉండాల్సినదానికన్నా 3 మిల్లీమీటర్ల తేడా ఉంది. ఒక్కో చక్రం వాటా అందులో సగం. అంటే 400 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పక్కకు ఈడ్చుకుపోతున్నట్టు. కిలోమీటరుకు రెండున్నర మీటర్లు. అనంతపురం నుంచి కర్నూలుకు దాదాపు 150 కిలోమీటర్లు, ఆ ఒక్క పోకలోనే ప్రతి ముందు టైరూ 375 మీటర్ల దూరం పక్కకు గీసుకుపోతుంది, అదీ ఎండాకాలం కాలే తారు మీద. టైరు అడ్డంగా నిమిరితే ఒక దిక్కున నున్నగా, ఎదురు దిక్కున రంపంలా తగిలితే టో తప్పినట్టు. లోపలి అంచొకటే నున్నగా అరిగితే టో గానీ క్యాంబర్ గానీ కావచ్చు.

క్యాంబర్ అంటే చక్రం నిలువుగా ఉందా, వాలి ఉందా అన్నది. చాలా చిన్న కార్లలో దీన్ని సరిచేసే ఏర్పాటు కంపెనీయే ఇవ్వలేదు, ఇచ్చినా స్ట్రట్ బోల్టు రంధ్రంలో పిసరంత. అయినా కొన్ని అలైన్‌మెంట్ షాపుల్లో హైడ్రాలిక్ జాకీ తగిలించి స్ట్రట్‌ను వంచి మరీ మిషను తెర మీద 'సరే' అనే పచ్చ గీత తెప్పిస్తారు. కాగితం మీద కొలత కుదురుతుంది, లోహం మాత్రం వంగి ఉంటుంది. క్యాంబర్ తప్పిందంటే ఏదో వంగింది, కుంగింది, లేదా బుష్ పోయింది. అది వెతికి మార్చాలి. వంచడానికి ఒప్పుకోవద్దని నా గట్టి మాట.

లారీలు, పాత పెద్ద బండ్లది వేరే కథ. ముందర ఒకే ఇరుసు, బాల్ జాయింటు బదులు కింగ్ పిన్ (చక్రం కుడి ఎడమలకు తిరిగే నిలువు ఇనుప కడ్డీ), స్ప్రింగు బదులు కమాన్ కట్టలు. కింగ్ పిన్ బుష్‌లకు గ్రీజు కొట్టడం మానితే స్టీరింగ్ బరువెక్కుతుంది, అరిగితే చక్రం వణుకుతుంది. కట్టల మీద ఇంకో కట్ట వేయించి ఎక్కువ బండలు ఎత్తడం మన దగ్గర మామూలైపోయింది. కట్ట గట్టిపడుతుందే గానీ హబ్బు, బ్రేకు, టైరు మోసే బరువు హద్దు పెరగదు.

సామాను కొనేటప్పుడు ఒక మాట. బుష్‌లు మాత్రమే పోయి బాల్ జాయింట్ బాగుంటే, మంచి ప్రెస్ అందుబాటులో ఉంటే బుష్‌లే మార్చొచ్చు. లోయర్ ఆర్మ్ పాతబడి మూడూ సగం సగం ఉంటే ఆర్మ్ మొత్తం మార్చడమే లాభం, కూలీ ఒక్కసారే పడుతుంది. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ విషయంలో మాత్రం తక్కువ ధరకు ఆశపడొద్దు. లింక్ రాడ్ లోకల్ సామాను పెట్టుకుంటే మహా అయితే మళ్లీ అరుస్తుంది. పాత పార్టు ఇంటికి ఇవ్వమని అడగండి. బూటు చిరిగిందా, గుండు వదులైందా మీ చేత్తోనే చూసుకోవచ్చు.

బిగింపులో రెండు సంగతులు చూసుకోండి. బాల్ జాయింట్ కొస ఏటవాలుగా ఉండి నకిల్ రంధ్రంలో ఒత్తుకుని కూర్చుంటుంది, ఆ కొసకు గ్రీజు పూయకూడదు, శుభ్రంగా తుడిచి పొడిగా ఎక్కించాలి. నట్టుకు స్ప్లిట్ పిన్ (నట్టు వదులు కాకుండా అడ్డంగా దూర్చే తీగ పిన్) ఉంటే, రంధ్రం కుదరలేదని నట్టును వెనక్కి వదలకూడదు, కుదిరేదాకా ముందుకే బిగించాలి. పిన్ కొత్తది వేయించండి. దాని ధర టీ ఖర్చంత కూడా ఉండదు.